పదిదాకా లెక్కపెట్టండి

ఆ రోజు పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకల్లా బడికి చేరాలి, ఎనిమిదో తరగతి గదిలో గోడకున్న పెద్ద తెర వెలిగించాలి, కూతురు రాసిచ్చిన చీటీ చూస్తూ పాఠం రెండుసార్లు తిరగేసుకోవాలి. తొమ్మిదింటికి మదింపు అధికారిణి వస్తుంది. టెక్నాలజీతో ఎంత బాగా చెబుతున్నారో చూసి బడికి వందకి మార్కులు వేస్తుంది. అరవై దాటకపోతే వచ్చే ఏడాది లెక్కలు రికార్డు చేసిన వీడియోలే చెబుతాయని హెడ్మాస్టరు నిన్ననే చల్లగా చెప్పాడు. "మరి నేనో?" అని అడిగితే కిటికీ వంక చూశాడు. పంతొమ్మిదేళ్ళ చాకిరీకి అదండీ జవాబు!

చీటీలో మొదటి సూత్రం: "నాన్నా, ముందు ఊపిరి పీల్చుకో." రెండోది: "ఏదైనా ఒక్కసారే నొక్కు. కదలకపోతే మళ్ళీ నొక్కకు, పదిదాకా లెక్కపెట్టు." మాస్టారు పీల్చుకున్నాడు, నొక్కాడు, లెక్కపెట్టాడు. తెర వెలిగింది! ఆ సంబరంలో ఆయన కుడిచెయ్యి పంతొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ జేబులోంచి మార్కరు తీసి, తెర నిండా ఓ త్రిభుజం గీసేసింది. అది చార్టుల మీద రాసే చెరగని మార్కరు.

రుమాలుతో తుడిచాడు. పోలేదు. రుమాలు తడిపి తుడిచాడు. ఊహూఁ. ఇంతలో వచ్చిన అటెండరు "దీనికింత కంగారెందుకండీ, చిటికెలో పని!" అంటూ నేల తుడిచే మందు అరసీసా కుమ్మరించాడు. త్రిభుజం ఇంకా నిగనిగలాడింది. తడిసిన తెర మాత్రం పూనకం వచ్చినట్టు తనంతట తనే పేజీలు తిప్పడం మొదలెట్టింది.

"ఆపవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

"నేను ముట్టుకోలేదండీ, అదే నొక్కుకుంటోంది!"

తుడుస్తుండగానే తొమ్మిదైంది. పిల్లలొచ్చి కూర్చున్నారు. వెనకాలే చేతిలో ట్యాబ్‌తో అధికారిణి, ఆవిడ వెనక హెడ్మాస్టరు. మాస్టారు పాఠం మొదలెట్టాడు. త్రిభుజం పేజీ వచ్చింది, పోయింది. వృత్తం వచ్చింది, పోయింది. నల్ల త్రిభుజం మాత్రం అక్కడే ఉంది.

"పేజీలు మారుతున్నాయి గానీ, ఆ త్రిభుజం మారదేం మాస్టారూ?" అందావిడ.

ముందు బెంచీ పిల్ల లేచి, "పాఠమంతా గుర్తుండాలని సార్ అలా పెట్టారు మేడమ్!" అంది, రెప్ప వెయ్యకుండా.

"భలే ఆలోచన! ఏదీ, కాస్త పక్కకి జరపండి."

మాస్టారు వేలితో త్రిభుజాన్ని తాకాడు. తెర ఓ క్షణం ఆలోచించి, పాఠం ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లో కూతురు పొరపాటున ఉంచేసిన వీడియో తెరిచింది. నెత్తిన తువ్వాలుతో అద్దం ముందు మాస్టారు! "మేడమ్, టెక్నాలజీ నాకు కొట్టిన పిండి. ఎన్నో ఏళ్ళుగా నేను... అమ్మడూ, తర్వాతేంటే?" లోపల్నుంచి కూతురి గొంతు: "నాన్నా, అబద్ధాలాడకు!"

గదంతా గొల్లుమంది. హెడ్మాస్టరు మళ్ళీ కిటికీ వంక చూశాడు.

ఇంక దాచి లాభం లేదనుకున్నాడు మాస్టారు. "నాకిదేం రాదు మేడమ్. మార్కరుతో గీసేశాను, పోయి చావట్లేదు. లెక్కలు మాత్రం వచ్చు. పిల్లలు లేని బతుకు నావల్ల కాదు. కాస్త చూడండి" అన్నాడు.

అధికారిణి ట్యాబ్‌ని పొడుస్తోంది. ఒకసారి కాదు, పదిసార్లు కాదు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆ ముఖాన్ని మాస్టారు గుర్తుపట్టాడు. పొద్దున తెర నల్లగా ఉన్నప్పుడు అందులో కనబడింది అదే.

"ఏమైంది మేడమ్?"

"పంపమని నొక్కితే పోవట్లేదండీ," అందావిడ గొంతు తగ్గించి. "పదకొండు బళ్ళ మార్కులు ఇందులోనే ఇరుక్కున్నాయి. పదింటికల్లా చేరకపోతే నా ఉద్యోగానికే ఎసరు."

"ఎవరినైనా అడగలేకపోయారా?"

"టెక్నాలజీకి మార్కులేసేదాన్ని, ఏ ముఖం పెట్టుకుని అడగనూ?"

మాస్టారు చీటీ తీశాడు. "ముందు ఊపిరి పీల్చుకోండి. ఇప్పుడు ఒక్కసారే నొక్కండి. చెయ్యి వెనక్కి పెట్టుకోండి. ఒరే, లెక్కపెట్టండ్రా!"

నలభై గొంతులు లేచాయి. ఒకటి... రెండు... ఏడు దగ్గర ఆవిడ వేలు ముందుకొచ్చింది. "చెయ్యి!" అని గద్దించాడు మాస్టారు. ఆవిడ చేతులు కట్టుకుంది. ఎందుకైనా మంచిదని హెడ్మాస్టరూ కట్టుకున్నాడు. ఎనిమిది... తొమ్మిది... పది!

ట్యాబ్ కిణుక్కుమంది. పదకొండు బళ్ళూ వెళ్ళిపోయాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అక్కడే నిలబడి పన్నెండో బడికి మార్కులు వేసింది. తెర వాడకానికి ముప్పైకి ఒకటి. బోధనకి నలభైకి ముప్పై. "ఈ పాఠంలో ఎవరైనా కొత్తగా ఏదైనా నేర్చుకున్నారా?" అన్న గడి దగ్గర ఆగి, తననే తలుచుకుని ముప్పైకి ముప్పై వేసింది. మొత్తం అరవై ఒకటి. ఒక్కసారే నొక్కి, చేతులు కట్టుకుని లెక్కపెట్టుకుంటూ బయటికి నడిచింది.

మాస్టారి ఉద్యోగం ఉంది. త్రిభుజమూ ఉంది, ఆ గదిలో సైన్సూ, చరిత్రా, భూగోళమూ ఇప్పుడు దాని లోపలే జరుగుతున్నాయి.