తప్పుల నమోదులో వాడుకరి సౌఖ్యం

నిప్పును కనుగొన్న తరువాత మానవజాతి సాధించిన ఘనకార్యం వాడుకరిని కనుగొనడమే. ఈ సంగతి 2008లో, కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో శాస్త్రీయంగా రుజువైంది.

ప్రోగ్రాములలోని తప్పులను టెస్టర్లు నమోదు చేసే పనిముట్టును, వాడేవారి అవసరాలను బట్టి మళ్ళీ రూపొందించాలని సంస్థ తీర్మానించింది. వాడుకరి సౌఖ్య విభాగాధిపతి సోమయాజులు గారు ప్రత్యక్ష పరిశీలనకు ఒక రోజు కేటాయించారు. ఆ రోజు బంద్. (ఈ నగరంలో బంద్ లేని రోజును ఎంచుకోవడం వేరే శాస్త్రం.) బస్సులు లేక టెస్టర్లు రాలేదు. ముందురోజే వచ్చి ఆఫీసులో పడుకున్న మేనేజర్లు మాత్రం ఉన్నారు. కనుక వారే వాడుకరులని తేలింది. తెరపై తప్పుల సంఖ్య పెరిగినప్పుడల్లా వారి ముఖాలు వాడిపోవడం చూసి పరిశీలకుల మనసు కరిగింది.

కొత్త పనిముట్టు దయామయి. తప్పు నమోదు చేయబోతే, "దీనివల్ల వాడుకరికి మనస్తాపం కలుగునా?" అని అడుగుతుంది. కలుగునంటే తీసుకోదు. కలగదంటే, అయితే నమోదెందుకంటుంది. నెల తిరిగేసరికి తప్పులు సున్నా. (థర్మామీటరు విరగ్గొడితే జ్వరం తగ్గుతుందన్న సిద్ధాంతానికి ఇంత విశాలమైన ప్రయోగశాల మునుపు దొరకలేదు.)

ఇంతలో రేవు పక్కనున్న వాట్‌గంజ్ నుంచి వచ్చే టెస్టర్ యూనిస్‌కు ఒక తప్పు దొరికింది. సంస్థ రాసిన ప్రోగ్రాముతో సోమవారం నుంచి నడవబోయే రేవు క్రేను, పరీక్షలో బరువు ఎత్తాక ఆపమంటే ఆగడం లేదు. ఆ క్రేను కింద కొక్కేలు తగిలించేది ఆమె తండ్రి జీవానందం.

ఆమె తన మేనేజరు రఘురాం దగ్గరకు పరుగెత్తింది. (ఆ ఊళ్ళో మేనేజరైనా 'దా', అంటే అన్నే.) "రఘురాం దా, మనిషి చచ్చిపోతాడు!"

"టూల్‌లో పెట్టావా?"

"పెట్టనివ్వడం లేదు కదా!"

"లేని తప్పుకు నన్నెందుకమ్మా కంగారు పెడతావ్? తప్పుల బోర్డు చూడు, పచ్చగా ఎంత ముద్దొస్తోందో."

సోమయాజులు గారు మాత్రం ఓపికగా విన్నారు. "వాడుకరికి, అంటే క్రేను నడిపేవాడికేమైనా ఇబ్బందా?"

"అతనికేం కాదండీ. బరువు పడేది కిందున్న మా నాన్న మీద."

"అమ్మయ్య," అన్నారాయన.

యూనిస్ ఇంటికి వెళ్ళి తండ్రిని బతిమాలింది. "నాన్నా, సోమారం పనికెళ్ళకు."

"నానెల్లకపోతే ఇంకోడు నిలబడతాడు కదేటే? ఆడికి మాత్రం పిల్లల్లేరేటి?" అన్నాడు జీవానందం.

సోమవారం మధ్యాహ్నం ఆయన ఎడమ కాలు పోయింది. వాడుకరి క్షేమంగా ఉన్నాడని సంస్థ ఆ సాయంత్రమే ప్రకటించింది.