కుప్పం మీదుగా బుజ్జమ్మకు

ఆ బుధవారం పొద్దున మునిచంద్ర అనుకున్న పని చిన్నదే. పదకొండుకు టమాటా వేలం మొదలయ్యేలోగా నెట్‌వర్క్ ఎందుకు నత్తనడక నడుస్తోందో కనిపెట్టాలి, ఉద్యోగం నిలుపుకోవాలి.

మదనపల్లెలో లక్ష్మీపతి మండీలో ఒక పెద్ద సర్వర్ ఉంది. దాని కడుపులో రెండు ఉత్తుత్తి కంప్యూటర్లు, అంటే వర్చువల్ మెషీన్లు. ఒకటి తూకం రాసుకుంటుంది, రెండోది చీటీ కొడుతుంది. ఏం పేర్లు పెట్టాలో తోచక మునిచంద్ర, పుంగనూరులో తనను పెంచిన పెద్దమ్మను తలచుకుని మొదటిదానికి పెద్దమ్మ అనీ, ఆమె కోడలి పేరున రెండోదానికి బుజ్జమ్మ అనీ పెట్టాడు. నెల రోజులుగా మొదటిది పంపే తూకం రెండోదానికి చేరడానికి నిండా నిమిషం పడుతోంది. రైతులు బారులు తీరుతున్నారు. ఈ రోజూ ఇంతే అయితే పని బెంగళూరు కంపెనీకి ఇచ్చేస్తానని లక్ష్మీపతి నిన్ననే తేల్చేశాడు.

మునిచంద్ర కేబుల్ మార్చాడు. స్విచ్ మార్చాడు. అన్నీ ఆర్పి వెలిగించాడు. ఊహూఁ. చివరికి వరండాలోకి వచ్చి, తనతో చదువుకున్న మాధవికి ఫోన్ చేశాడు.

"పెద్దమ్మ సెప్పేది బుజ్జమ్మకి సరిగ్గా సేరడంల్యా మాధవీ. ఇద్దురూ ఒకే ఇంట్లోనే ఉండారు. ఇంగ బుజ్జమ్మని తీసి వేరే సోట పెట్టాల్సిందే."

ఆ మాట తూకం దగ్గరున్న కుమార్ చెవిన పడింది. కుమార్ ఎవరనుకున్నారు? పెద్దమ్మ కొడుకు, బుజ్జమ్మ మొగుడు. పాపం, తన ఇంటి మాటే అనుకున్నాడు. మునిచంద్ర మన ఇల్లు విడదీస్తాడట అని తల్లికి ఫోన్ చేశాడు. తల్లి కుప్పంలో ఉన్న కూతురు సిద్ధమ్మకు చేసింది. సిద్ధమ్మ బుజ్జమ్మకు చేసింది. పది దాటేసరికి అత్తాకోడళ్లు ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో వచ్చి మదనపల్లెలో దిగారు.

పెద్దమ్మ సర్వర్ గది బయట చెప్పులు విడిచి లోపలికొచ్చి, "యాల మునీ, నా కోడల్ని వేరు పెట్టాలంటాండావంట?" అని నిలదీసింది. బుజ్జమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. అవి మిషన్ల పేర్లని మునిచంద్ర నెత్తీ నోరూ బాదుకుని చెప్పాడు. వెనక లక్ష్మీపతి గడియారం చూసుకుంటున్నాడు. పెద్దమ్మ బుర్రకు మిషన్లు ఎక్కలేదు. ఇంట్లో మాటల్లేవన్న అపవాదు ఒక్కటే గుచ్చుకుంది.

"మాకు మాటల్లేవని ఎవురు సెప్పింది? కూరలో ఉప్పు తక్కువైతే నేను కుప్పంలో సిద్ధమ్మకి ఫోన్ సేస్తా. అది బుజ్జమ్మకి సేసి సెప్తాది. ఒక్క మాటన్నా సేరకుండా పోలేదు."

"ఒకే వంటింట్లో ఉండి, కుప్పం మీద పోతాదా పెద్దమ్మా?"

అడుగుతూనే మునిచంద్రకు ఏదో వెలిగింది. తటాలున స్క్రీన్ వైపు తిరిగి, తూకం ఏ దారిన పోతోందో అంచెలంచెలుగా చూశాడు. సర్వర్ దాటింది. మదనపల్లె దాటింది. ఓరి దీని దుంపతెగ, కుప్పం పోయి వస్తోంది! పోయిన నెల అక్కడ కొత్త బ్రాంచి తెరిచినప్పుడు, రెండు మిషన్లనూ వేరువేరు నెట్‌వర్కుల్లో పెట్టి, వాటి మధ్య దారి చూపే పెట్టెను, అంటే రూటర్‌ను, నత్తనడక లైనున్న కుప్పంలో బిగించింది సాక్షాత్తూ తనే. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. గబగబా సర్వర్‌లోనే దగ్గరి దారి వేశాడు. పదకొండుకు తూకం పడిందో లేదో, చీటీ బయటికొచ్చింది.

లక్ష్మీపతి బెంగళూరు మాట మళ్లీ ఎత్తలేదు. మీ పెద్దమ్మను అప్పుడప్పుడూ పిలుచుకొస్తూ ఉండమని మాత్రం అన్నాడు.

బస్సుకు వేళయింది. పక్కనే ఉన్న బుజ్జమ్మను పోదాం రమ్మనడానికి పెద్దమ్మ ఫోన్ తీసి సిద్ధమ్మకు కొట్టింది. బిజీ వచ్చింది. బుజ్జమ్మ అప్పటికే సిద్ధమ్మతో మాట్లాడుతోంది.