మంత్రిగారు రాసిన ఒక్క మాట

ఇంగ్లీషు మాటల అర్థాలు తేలక ప్రజల పనులు ఆగిపోకూడదన్న మహా సంకల్పంతో 'పదార్థ నిర్ణయ సంఘం' ఏర్పాటు చేస్తున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మన అదృష్టం. ఆ అదృష్టం మా బడి ముందు కాలవ దగ్గరే మొదలైంది. ఆ బడిలో గంట కొట్టేవాణ్ణి కాబట్టి అంతా దగ్గరుండి చూశాను.

కాలవ మీద రాతిపలక విరిగి నాలుగు నెలలైంది. అప్పట్నించీ రోజుకి రెండుసార్లు మోకాలి లోతు నీళ్లలో దిగి, పిల్లల్ని చంకనేసుకుని దాటిస్తున్నాను. పిల్లలు నూట పద్నాలుగు మంది. నడుము ఒకటే. నా అవస్థ చూడలేక హెడ్‌మిస్ట్రెస్ గారు మంత్రిగారికి అర్జీ పెట్టారు. పదోరోజు విద్యాశాఖ ఆఫీసు నుంచి మా ఇద్దరికీ పిలుపొచ్చింది. అర్జీ మార్జిన్‌లో మంత్రిగారి స్వహస్తాలతో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట: 'ఫిక్స్'.

నేను పొంగిపోయాను. ఆఫీసరు గారు పొంగలేదు.

"ఫిక్స్ అంటే ఏమని?" అన్నారాయన.

"బాగుచెయ్యమనేగా సార్," అన్నాను.

"బిగించమని కావచ్చు. రోజు ఖాయం చెయ్యమని కావచ్చు. ముందే కూడబలుక్కోమని కూడా ఓ అర్థం ఉంది. తప్పు అర్థం పట్టుకున్నామా, కొంప మునుగుతుంది."

"ఆయన్నే అడిగేస్తే పోలా?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

ఆఫీసరు గారు గబుక్కున లేచి తలుపు మూశారు. పైవాళ్ల రాతకి అర్థం అడిగే అలవాటు ఆ ఆఫీసులో లేదట. వెనకటికి ఒకాయన అడిగాడట. ఇప్పుడు ఏ శాఖలో ఉన్నాడో ఆయనకే తెలీదట.

అందుకని, ఆ మాట ఎవరు రాసిందో చెప్పకుండా ఆఫీసరు గారు ప్రతిపాదన పంపారు, మంత్రిగారు సంతకం పెట్టారు, అలా సంఘం పుట్టింది. సమస్య దగ్గరే కూర్చుని ఆలోచించాలని మా స్టాఫ్ రూమ్‌లో మకాం పెట్టారు. సభ్యులు ముగ్గురు, వాళ్లలో పెద్దాయన కన్వీనరు. బాగా చదువుకున్నవాళ్లు, బరువు కూడా చదువుకి తగ్గట్టే ఉంది. ముగ్గుర్నీ రోజూ వీపున మోశాను. ఐదు సంపుటాల నిఘంటువు వేరే.

మొదటి నెలలో ఏడు అర్థాలు తేలాయి, రెండో నెలకి పద్నాలుగు. వాడుకకి ఒక ఉదాహరణ చెప్పమని నన్నే అడిగారు.

"నా నడుముని ఎవరైనా ఫిక్స్ చేస్తే బాగుండు," అన్నాను.

చక్కటి వాక్యం అని మెచ్చుకుని రాసుకున్నారు.

సంఘానికి మంత్రిగారి చేత ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. దానికి నాలుగు రోజుల ముందు సంఘం బోర్డు వచ్చింది. ఎనిమిదడుగుల టేకు చెక్క, చుట్టూ ఇనప పట్టీ. హెడ్‌మిస్ట్రెస్ గారు దాన్ని చూశారు, కాలవని చూశారు.

"బాబాయ్, ఓ చివర పట్టుకో," అన్నారు.

అక్షరాలు కిందికి పెట్టి కాలవ మీద వేశాం. పిల్లలు పరిగెత్తుకుంటూ దాటారు. ఆ నాలుగు రోజులూ నాకో నడుముందన్న సంగతే గుర్తు రాలేదు.

మంత్రిగారు వచ్చి, దాని మీదుగానే దర్జాగా నడిచి బడిలోకొచ్చారు.

"గట్టిగానే ఉందే. మరి అర్జీ ఎందుకమ్మా?"

హెడ్‌మిస్ట్రెస్ గారు అర్జీ చేతికిచ్చారు. "మీరు రాసిన ఈ మాటకి అర్థం ఏంటి సార్?"

సంఘం సభ్యులు ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. మంత్రిగారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఇదా? ఆ రోజు ఎవరో కొత్త పెన్ను ఇచ్చారమ్మా. రాస్తుందో లేదో చూశాను."

అందరూ చప్పట్లు కొట్టారు. కన్వీనరు గారు పదిహేనో అర్థం రాసుకున్నారు.

తర్వాత బోర్డు ఆవిష్కరణ. కన్వీనరు గారు సైగ చేయగానే నలుగురు బంట్రోతులు వెళ్లి కాలవ మీద బోర్డు ఎత్తుకొచ్చి, కడిగి, గోడకి బిగించి, పైన తెర వేశారు. మంత్రిగారు తాడు లాగారు. ఫొటోలు తీశారు. ఆ తర్వాత అందరం బయటికొచ్చాం.

కారు కాలవకి అవతల ఉంది.

"ఆ బోర్డే మళ్లీ వేయండయ్యా," అన్నారు మంత్రిగారు.

"ఆవిష్కరించిన బోర్డు సార్. దించాలంటే ఉత్తర్వులు కావాలి," అన్నారు కన్వీనరు గారు చేతులు కట్టుకుని.

అందరూ నావైపు చూశారు. నేను నడుం మీద చెయ్యేసుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆ కూర్చోవడంలో ఉన్న హాయి ఇంతా అంతా కాదు.

"ఇప్పుడెలాగమ్మా?" అన్నారు మంత్రిగారు.

హెడ్‌మిస్ట్రెస్ గారు లోపలికెళ్లి తెల్లకాగితం తెచ్చారు. "అర్జీ రాసివ్వండి సార్. సంఘం ఇక్కడే ఉందిగా."

మంత్రిగారు ఒకటో తరగతి బెంచీ మీద ఒదిగి కూర్చుని జేబులోంచి పెన్ను తీశారు. బాగానే రాస్తోంది.