యాకమ్మ గడప ముందు యాకమ్మ

బ్యాంకుల చెర నుంచి గార్ల మండలాన్ని విముక్తం చేస్తున్నట్టు మా మండల పార్టీ అధ్యక్షుడు కరుణాకర్ మైకులో ప్రకటించినప్పుడు, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మహానుభావుడు కనిపెట్టిన మార్గం పేరు ప్రైవేట్ క్రెడిట్.

"మీ పైసలు బ్యాంకుల పండవెడితే ఏమొస్తది? నాకియ్యున్రి. నమ్మకస్తులకు అప్పిస్త. మీకు నూటికి రూపాయి మిత్తి," అన్నాడు.

మా ఊరి రైతు యాకమ్మ మిర్చి అమ్మిన డబ్బంతా ఆయన చేతిలో పెట్టింది. వానాకాలం రాగానే విత్తనాలకు చిల్లిగవ్వ లేక, బర్రెను తాకట్టు పెట్టి ఆయన్నే అప్పు అడిగింది. నూటికి మూడు రూపాయల మిత్తికి ఇచ్చాడు. నోట్లు విప్పుతూనే ఆమె తుమ్మింది.

"గివి నా మిర్చి పైసలే గదన్నా?"

"అందుకే నీకిచ్చిన అక్కా. నీకంటె నమ్మకస్తురాలు ఎవలున్నరు?"

ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు.

ఆ ఏడు పంటను తామర పురుగు తినేసింది. బాకీ తీరకపోతే అప్పిచ్చినవాళ్లు వచ్చి గడప ముందు కూర్చోవడం, తేలేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనీయకపోవడం మా వైపు ఆనవాయితీ. కరుణాకర్ పద్ధతి తప్పే మనిషి కాదు.

"నేను మధ్యవర్తిని. పైసలిచ్చింది యాకమ్మ. ఆమెనే కూసోవాలె. పొద్దుగూకేసరికి తేలకపోతే బర్రెను తోలుకపోత," అన్నాడు.

యాకమ్మ తన గడప ముందు తనే చాప వేసుకుని కూర్చుంది. కొట్టంలో బర్రె అరుస్తోంది. దాని పాలు అమ్మితేనే ఆ ఇంట్లో ఇంత అన్నం. కరుణాకర్ క్రమశిక్షణకు మాత్రం నాకు దండం పెట్టాలనిపించింది.

పొద్దు వాలింది. ఆయన బర్రె తాడు విప్పబోయాడు.

"ఆగన్నా. అప్పిచ్చినదాన్ని నేనే గద?" అంది యాకమ్మ.

"నువ్వే."

"మాఫ్ చేసిన."

"ఎవలికి?"

"యాకమ్మకు. పాపం, పంట పోయింది."

చాప దులుపుకుని లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

కరుణాకర్ తాడు వదిలేశాడు. "మరి నడుమ నా రెండు రూపాయలో?" అని నన్నడిగాడు. నాకు లెక్కలు రావు.

మర్నాడు గార్ల సెంటర్లో ఇంతెత్తు ఫ్లెక్సీ వెలిసింది. దండం పెడుతున్న కరుణాకర్, పక్కన చిన్నగా యాకమ్మ, ఇంకా చిన్నగా బర్రె. సర్కారు వల్ల కాని రుణమాఫీ చేసి చూపిన కరుణాకరన్నకు కృతజ్ఞతలు అని రాసి ఉంది.

"గింత పెద్దదానికి ఖర్చెవలు పెట్టిన్రన్నా?" అని అడిగాను.

"పక్క మండలం కురవి వాళ్లు," అన్నాడు. "నిన్ననే ఇన్వెస్ట్ చేసిన్రు."