లైబ్రేరియన్ గారి నడుం కొలత

ఆ ఉదయానికి లైబ్రేరియన్ గారు వేసుకున్న పథకం చాలా తేలికైనది. నడకకు వెళ్ళకూడదు. ఐదున్నరకు మోగే అలారం పీకను ఒక నిమిషం ముందే నొక్కేసి, గోడవైపు తిరిగి పడుకోవాలి. అంతే.

పాపం, పదిహేను రోజులుగా ఆయన నడుస్తూనే ఉన్నారు. డాక్టరమ్మ మూడు నెలలు గడువిచ్చింది. "మీది టైప్ టూ షుగరు. బరువు తగ్గి, రోజూ నలభై నిమిషాలు నడిస్తే మాత్రలతోనే సరిపెట్టుకోవచ్చు. లేదంటే ఇన్సులిన్ సూదులే," అని ఖరాఖండీగా చెప్పేసింది. సూదంటే ఆయనకు ముచ్చెమటలు పోస్తాయి. భార్య సూదిలోకి దారం ఎక్కిస్తుంటేనే తల పక్కకు తిప్పుకునే మనిషి. అందుకే పిక్కలు పట్టేసినా, వాన పడినా నడిచారు. పంచదార మానేశారు. అన్నం సగానికి దించారు. తీరా చూస్తే బరువు మిషను ముల్లు ఎనభై ఎనిమిది మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆయన ఆ మిషన్ని కాలితో మంచం కిందకు తోసేసి, "ఇక నా వల్ల కాదు," అనేశారు.

ఆయన భార్య టైలరు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా వీధి మొత్తానికీ కుడుతోంది. గోడవైపు తిరిగి పడుకున్న మొగుణ్ణి చూసి ఆవిడకు ప్రాణం ఉసూరుమంది. ఇది బద్ధకం కాదు, ఆశ పోవడం. బద్ధకానికైతే ఆవిడ దగ్గర మందుంది, రెండు కేకలు వేస్తే చాలు. ఆశకు మాత్రం కేకలు పనికిరావు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే మిగిలిన ప్యాంట్లన్నీ తీసి, వెనక కుట్టు విప్పి, లోపల మడిచి ఉన్న బట్టలోంచి తలా అరంగుళం వదిలి, మళ్ళీ కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే గదిలోంచి కేక.

"ఏమోయ్! ఒకసారి ఇలా రా!"

"ఏమైందండీ?"

"చూడు, నడుం దగ్గర వేలు దూరుతోంది! నిన్నటిదాకా గాలి కూడా దూరలేదు!"

"అమ్మో, నిజమే! తగ్గారండీ మీరు."

"మరి ఆ మిషను ఏమీ తగ్గలేదందే?"

"పాతదై పోయుంటుంది. ప్యాంటుకేం అవసరమండీ అబద్ధం చెప్పడానికి?"

ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. మర్నాటి నుంచి అలారం కంటే ముందే లేచారు. రెండు నెలలు ఒక్కరోజు కూడా తప్పకుండా నడిచారు. ఎప్పుడైనా ముఖం కాస్త వాలితే, ఆ మధ్యాహ్నం ఆవిడ ఇంకొంచెం బట్ట వదిలేది. టైలరు మొగుడికి బెల్టేమిటని ఆయన జన్మలో బెల్టు కట్టింది లేదు. కాబట్టి కదిలే ప్రతి అరంగుళమూ నేరుగా ఆయన నడుముకే తెలిసేది.

అంతా సాఫీగా సాగిపోతుండగా లైబ్రరీలో బైండరు నోరు విప్పాడు. చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టడం అతని పని. కట్టేముందు ప్రతి పుస్తకాన్నీ అక్కడక్కడ చదవడం అతని జబ్బు.

"సార్, మీరు చాలా తగ్గారు," అన్నాడు జిగురు కలుపుతూ.

"నడక మహిమ!" అన్నారు లైబ్రేరియన్ గారు, నడుం పట్టీని ముందుకు లాగి చూపిస్తూ.

బైండరు అందులోకి తొంగిచూసి జిగురు గరిటె పక్కన పెట్టేశాడు. "మొన్న ఒక వైద్యం పుస్తకం కుట్టాను సార్. 'షుగరున్న మనిషి ఉన్నట్టుండి చిక్కిపోతే తక్షణం గ్రహించవలసినది ఏమనగా' అని ఉంది."

"ఏమనగా?"

"తర్వాతి పేజీ లేదు సార్. ఎవరో చింపేశారు."

పుస్తకంలో పేజీ ఉంటే లైబ్రేరియన్ గారు ధైర్యంగా చదివేవారు. లేని పేజీని ఎలా చదవాలి? డాక్టరమ్మను అడుగుదామంటే, అవునని అంటుందేమోనని భయం. ఆయనకు తోచిన మార్గం ఒక్కటే, చిక్కడం ఆపాలి. మర్నాటి నుంచి పార్కు బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చుని, కుళాయి నీళ్ళు మొహాన చల్లుకుని, చెమట పట్టినట్టు తుడుచుకుంటూ ఇంటికి రావడం మొదలుపెట్టారు.

ఇంట్లో ఆవిడ ఆ వేలాడే ముఖం చూసింది. 'అయ్యో, మళ్ళీ ఆశ పోయింది' అనుకుంది. ఇంకో అరంగుళం వదిలింది.

రెండ్రోజుల తర్వాత ప్యాంటు వేసుకుంటూ ఆయన కొయ్యబారిపోయారు. నడక ఆపినా చిక్కిపోతున్నారు! అన్నం కెలికి లేచిపోయారు. ఆ అవతారం చూసి ఆవిడ ఇంకా బెంగపడి, ఇంకా వదిలింది. లోపలి బట్ట అయిపోతే వెనకవైపు అదే రంగు ముక్క అతికింది. ఆయన ఎంత దిగులు పడితే ప్యాంటు అంత వదులైంది. ప్యాంటు ఎంత వదులైతే ఆయన అంత దిగులు పడ్డారు. ఇలా పది రోజులు ఇద్దరూ ఒకరినొకరు ప్రేమగా భయపెట్టుకున్నారు.

పదకొండో రోజున లైబ్రరీకి బడిపిల్లలు వచ్చారు. లైబ్రేరియన్ గారు నిచ్చెనెక్కి, పై అరలోంచి విజ్ఞాన సర్వస్వాలు నాలుగు తీసి రెండు చేతులతో గుండెలకు హత్తుకుని దిగుతున్నారు. మూడో మెట్టు దగ్గర నడుం చల్లబడింది. చేతులు వదిలితే పుస్తకాలు పిల్లల నెత్తిన పడతాయి. వదలకపోతే ప్యాంటు ఆగదు. ముప్పై ఏళ్ళలో ఒక్క పుస్తకాన్ని కూడా నేల తాకనివ్వని మనిషి ఆయన. పుస్తకాలనే కాపాడారు. ఇక్కడ నవ్వరాదు అని గోడమీద పెద్దక్షరాల బోర్డున్నా, ఆ రోజు దాన్ని పాటించింది ఆయన ఒక్కరే.

పొడుగు చొక్కా పరువు కాపాడిందిగానీ ధైర్యం మాత్రం పూర్తిగా జారిపోయింది. సెలవు పెట్టి, ప్యాంటు గుప్పిట్లో పట్టుకుని ఇంటికొచ్చారు. ఆవిడ బొత్తాలు కొనడానికి వెళ్ళింది. తను పోయాక పిచ్చిది ఏది ఎక్కడుందో తెలియక అల్లాడుతుందని తలచుకోగానే ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లైబ్రేరియనుకు తెలిసిన సాయం ఒక్కటే. చీటీలు రాసి ఇల్లంతా అతికించడం మొదలుపెట్టారు.

ఆవిడ తిరిగొచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక చీటీ. 'తాళం రెండుసార్లు తిప్పాలి. నువ్వు ఒకసారే తిప్పుతావు.' బీరువా మీద ఇంకోటి. 'ఇంటి పత్రాలు: రెండో అర, ఎడమవైపు.' అద్దం మీద, 'నీ కళ్ళజోడు: ముందు నెత్తిమీద వెతుక్కో.' చివరికి కుట్టుమిషను మీద, 'నెలకోసారి దీనికి నూనె వెయ్యమని ఎవరినైనా అడుగు. ఇన్నాళ్ళూ నేను వేశాను.'

తన మిషనుకు వంకే రాదని ఇరవై ఏళ్ళుగా వీధంతా చెప్పుకుంది ఆవిడ. అక్కడే కూలబడిపోయింది.

"ఎక్కడికండీ పోతున్నారు నన్నొదిలేసి?"

"నేనెక్కడ పోతున్నానే? ఈ రోగమే తీసుకుపోతోంది." ఆయన ప్యాంటు పట్టుకున్న గుప్పిట బిగించారు. "రోజురోజుకీ కరిగిపోతున్నాను. నడక మానేసినా ఆగట్లేదు. ఇవాళ ప్యాంటు ఊడి పిల్లల ముందు పడింది."

ఆవిడ ఏడుపు సగంలో ఆగిపోయింది. ఆయన ముఖంలోకి చూసింది. గుప్పిట్లో ఉన్న ప్యాంటును చూసింది. "మీ మీద ఒట్టండీ, అది రోగం కాదు. నేనే."

"నువ్వేమిటి?"

"నేనే కుట్లు విప్పాను. మీరు దిగులుగా కనబడినప్పుడల్లా. అంతా కలిపి మూడంగుళాలు."

లైబ్రేరియన్ గారికి ముందు బతికిపోయానన్న సంతోషం వచ్చింది. దాని వెనకే ఏడుపొచ్చింది. "అయితే నేను తగ్గనే లేదన్నమాట. ఎల్లుండి పరీక్షలో సూదులే గతి."

"ఆగండాగండి. మూడంగుళాలకే ఊడి పడదండీ ప్యాంటు. కుట్టినదాన్ని, నాకు తెలీదా?" ఆవిడ మెడలోని టేపు తీసి ఆయన నడుం చుట్టూ వేసింది. "రెండంగుళాలు మీరే తగ్గారు!"

"చాల్లే. నీ టేపును నేనిక జన్మలో నమ్మను," అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

రెండ్రోజుల తర్వాత క్లినిక్కులో డాక్టరమ్మ కాగితాలు తిరగేసి కళ్ళజోడు సర్దుకుంది. "ఆరు కిలోలు తగ్గారు. మూడు నెలల షుగరు సగటు ఎనిమిదిన్నర నుంచి ఆరూ ముప్పావుకు దిగింది. సూదులు అక్కర్లేదు. మాత్ర కూడా సగం చేస్తున్నాను. ఎలా సాధించారండీ?"

ఆయన పక్కనున్న భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఈవిడే, డాక్టరుగారూ," అన్నారు. కథంతా విని డాక్టరమ్మ కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "నడిచి తగ్గితే భయమక్కర్లేదు. కారణం లేకుండా తగ్గితే మాత్రం వెంటనే నా దగ్గరికి రావాలి, బెంచీ మీదకు కాదు," అంది. తర్వాత ఆవిడవైపు తిరిగింది. "రోజంతా మిషను దగ్గరే కూర్చుంటారు కదూ? మీరూ ఒకసారి చూపించుకోండమ్మా."

చూస్తే ఆవిడకు షుగరు గుమ్మం దాకా వచ్చేసి ఉంది. బరువు డెబ్బై తొమ్మిది. "ఇప్పుడే నడక మొదలుపెడితే లోపలికి రాదు," అంది డాక్టరమ్మ. ఇరవై ఏళ్ళుగా అందరి కొలతలూ తీసిన మనిషికి తన కొలత చూసుకోవాలని ఒక్కసారీ తోచలేదు. దారిపొడవునా ఆవిడ మాట్లాడలేదు. లైబ్రేరియన్ గారికి ఆ మౌనం బాగా తెలుసు, అది గోడవైపు తిరిగి పడుకునే రకం.

మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి నడవసాగారు. మూడో రోజు పార్కు మలుపులో ఆవిడ రొప్పుతూ ఆగి, చున్నీతో మెడ తుడుచుకుంది.

"ఏమండీ, నిజం చెప్పండి. నేనేమైనా తగ్గినట్టు కనిపిస్తున్నానా?"

ఆయన నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, తల అటూ ఇటూ వంచి, ఎంతో శ్రద్ధగా ఎగాదిగా చూశారు.

"సగమైపోయావు," అన్నారు.

అప్పటికి ఆవిడ బరువు పావుకిలో పెరిగింది.