పిల్లివాసన గల దుప్పి

ఒక పెద్ద అడవిలో, జ్యేష్ఠ బహుళ సప్తమి గురువారం నాడు, పొద్దు పొడిచి నాలుగు ఘడియలైన వేళ, పేరిందేవి అనే దుప్పి పరుగెత్తకుండా నిలబడి ఉంది.

దుప్పి నిలబడటంలో వింతేముంది అంటారేమో. ముప్పై అడుగుల దూరంలో చిరుతపులి ఉండగా నిలబడింది. పక్కన నెలా పది రోజుల కూతురు బంతిని పెట్టుకుని మరీ నిలబడింది. అదీ వింత.

ఆవిడ తెలివితక్కువది కాదు, చెవిటిదీ కాదు. పరుగెత్తమని ఆజ్ఞ రాలేదు, అంతే.

ఆ ఆజ్ఞ సంగతి తెలియాలంటే, ఆ అడవిలో కబుర్లు ఎలా నడిచేవో ముందు తెలియాలి.

వాగు ఒడ్డు నుంచి పెద్దలు కూర్చునే నల్లబండ దాకా ఉడుతల వరుస ఒకటి ఉండేది. ఒక్కో ఉడుతకు ఒక్కో చెట్టు. చెట్టుకీ చెట్టుకీ మధ్య కాస్త ఖాళీ. ఆ ఖాళీని ఏ ఉడుతా దాటకూడదు, కబురే దాటాలి. వాగు దగ్గర ఏదైనా కనిపిస్తే మొదటి ఉడుత పక్క చెట్టు మీదికి నేరేడు గింజలు విసిరేది. ఒక గింజ పడితే ఆ పక్క ఉడుత ఉలికేది కాదు. రెండు పడితే ఒక కన్ను తెరిచేది. మూడు పడితే మాత్రం ఇక ఆలోచన లేదు, తన దగ్గరున్న గింజలు తీసి అవతలి చెట్టుకు విసిరేసేది. అలా చెట్టు నుంచి చెట్టుకు, రెప్పపాటులో.

వేపగింజలు కూడా ఉండేవి. వేపగింజ పడిందంటే ఒక నేరేడు గింజ లెక్కలోంచి పోయినట్టు. సీతాకోకచిలుకను చూసి కూడా అడవంతా ఉలిక్కిపడకూడదని పెద్దలు ఏనాడో పెట్టిన ఏర్పాటది. మంచి ఏర్పాటే.

వాగు నుంచి ఏడోది మద్దిచెట్టు. దాని మీద చంద్రయ్య అనే ఉడుత. అక్కడ దారి రెండుగా చీలేది. ఒకటి నల్లబండకు, రెండోది పక్కనే ఉన్న దుప్పుల పచ్చికకు. పచ్చికలో మూడు గింజలు రాలాయంటే మందంతా గాల్లోకి ఎగిరి పరుగు. ఏమిటి, ఎందుకు అన్న ప్రశ్నలన్నీ వెదురు పొదలు దాటాకే. అక్కడ ఆగి, ఆయాసం తీర్చుకుని, అప్పుడు ఒకరినొకరు అడిగేవారు, ఇంతకీ ఏమొచ్చిందట అని.

ఈలోగా గింజలు నల్లబండకు చేరేవి. పెద్దలు తీరిగ్గా చర్చించి 'పరుగెత్తవలెను' అని ఆజ్ఞ పంపేవారు. ఆ ఆజ్ఞ పచ్చికకు వచ్చేసరికి దుప్పులు వెనక్కి వచ్చి మేస్తూ ఉండేవి. ఆజ్ఞకు ఒక దణ్ణం పెట్టి మళ్ళీ మేతలో పడేవి. తరతరాలుగా ఇలాగే జరిగింది, ఎవరికీ ఏ కష్టమూ లేదు.

కష్టం కోదండపాణి అనే ముళ్ళపంది కార్యదర్శిగా వచ్చాక మొదలైంది. ఆయన తన ఒంటి ముళ్ళే పీక్కుని కలాలుగా వాడేవాడు. ప్రతి కలానికీ నొప్పి ఉండటం వల్ల, రాసిన ప్రతి మాటకూ విలువుందని ఆయన నమ్మకం.

ఆయన పాత సంగతులన్నీ తవ్వి తీశాడు. ఏడాదిలో దుప్పులు ఇరవైతొమ్మిది సార్లు పరుగెత్తాయి. అందులో నిజంగా ప్రమాదం వచ్చింది మూడుసార్లు. మిగతావన్నీ ఎండుటాకులు, రాలిన మారేడుకాయలు, ఒకసారి అడవి అంచున ఎవరో ఆరేసుకున్న గొంగడి. అదంతా ఒక ఎత్తు. నిజంగా ప్రమాదం వచ్చిన ఆ మూడుసార్లూ సభ అనుమతి తీసుకోలేదన్నది ఆయన అసలు బాధ.

సభాధ్యక్షుడు జగ్గప్ప అనే ఎలుగుబంటి. పెద్దమనిషి, చూపు తక్కువ, తేనె ప్రీతి ఎక్కువ. లెక్కలన్నీ విని చాలాసేపు తల గోక్కున్నాడు.

"అయితే కోదండంగారూ, కాళ్ళు వాటంతటవే పరుగెడుతుంటే మనం ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నట్టు?"

జవాబు లేని చోట నిబంధన పుట్టింది. ఇకమీదట గింజలన్నీ ముందు నల్లబండకే రావాలి. ముక్కు శాఖకు అడవిపంది, కంటి శాఖకు నెమలి, చెవి శాఖకు కుందేలు. ముగ్గురూ అభిప్రాయం చెప్పాలి, అధ్యక్షులు తేల్చాలి, కార్యదర్శి రాయాలి, ఆజ్ఞ వెళ్ళాలి. అప్పుడు కాలు కదపాలి. మద్దిచెట్టు చంద్రయ్యకు గంపెడు వేపగింజలు పంపి, పచ్చిక వైపు గింజ విసరబుద్ధి అయినప్పుడల్లా తన నెత్తిన తనే నాలుగు వేపగింజలు పోసుకోమన్నారు.

ఇక పసిపిల్లల కోసం నిలకడ బడి అని ఒకటి పెట్టారు. పిల్లలను వరుసగా నిలబెట్టి, వెనక నుంచి ఎండుటాకు మీద ఒక అడుగు వేసేవారు. మొదటిరోజు పిల్లలన్నీ మూరెడెత్తు ఎగిరాయి. ఎగరని పిల్లకు లేత గరిక అన్నారు. మూడోరోజుకు చెవులు మాత్రం కదిలాయి. పదోరోజుకు అవీ లేవు.

అందరికంటే ముందు నేర్చుకున్నది బంతి. సాయంత్రం ఇంటికొచ్చి తల్లికి చెప్పుకుంది, ఇవాళ చెవి కూడా కదపలేదని. పేరిందేవికి గర్వంగానే అనిపించింది. పిల్ల నలుగురిలో మెప్పు పొందుతోంది, రేపు ఏ పెద్దల ముందైనా తడబడకుండా నిలబడుతుంది. అయినా పిల్ల చెవిని ముక్కుతో ఒకసారి కదిపి చూసింది.

ఆ అనుమానాన్ని పేరిందేవి తల్లి నాంచారమ్మ పైకి అనేసింది. ఆవిడ మందలోకెల్లా పెద్దది. రోజూ దీపాలవేళ వనదేవతకు దణ్ణం పెట్టుకుని, తమ వంశంలోని వాళ్ళ పేర్లన్నీ తలుచుకునేది. మా అమ్మమ్మ కొమ్మ విరిగిన చప్పుడు విన్నది, లేచింది, బతికింది. మా అమ్మ ఎండుటాకు విన్నది, లేచింది, బతికింది. మా పిన్ని సీతాళం ఎండుటాకు విన్నది, రెండోసారి వినపడ్డాక లేద్దామనుకుంది. ఆ పేరు వెనక బతికింది అన్న మాట లేకుండానే ఆవిడ తర్వాతి పేరుకు వెళ్ళేది.

"చూడవే పేరీ," అంది ఆ సాయంత్రం, "పిల్ల పుట్టినప్పుడు దాని తలనిండా దారులే. ఎటు పడితే అటు, వెయ్యి. నడిచిన దారి బాటవుతుంది, నడవని దారిని గడ్డి కప్పేస్తుంది. వీళ్ళు దానిచేత పరిగెత్తే దారి మాన్పిస్తున్నారు. నాలుగు నెలలు పోతే వెతికినా కనపడదు."

"అందరి పిల్లలూ వెళ్తున్నారు కదమ్మా. మనం ఒక్కళ్ళం మాన్పిస్తే ఏమంటారు?"

"అనడానికి మనుషులుంటారు సరే," అంది నాంచారమ్మ. దుప్పులు కూడా తమలో తాము మనుషులమనే అనుకుంటాయి.

అలా గురువారం వచ్చింది. నల్లబండ దగ్గర బడి బహుమతుల సభ. మందలన్నీ వచ్చాయి. బంతికి మొదటి బహుమతి, గరిక కట్ట. పిల్ల దాన్ని నోట కరుచుకుని తల్లి పక్కన బిగుసుకుని నిలబడింది. కోదండపాణి ఉపన్యాసం మధ్యలో ఉండగా, చివరి చెట్టు నుంచి బండ మీద మూడు నేరేడు గింజలు రాలాయి.

వాగు దగ్గర ఏదో వచ్చింది.

ఎవరూ కదల్లేదు. అందరూ ఎంత చక్కగా కదల్లేదంటే, కోదండపాణికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఉపన్యాసం ఆపి, శాఖల అభిప్రాయం అడిగాడు.

అడవిపంది గాలి పీల్చి, పిల్లివాసన అని చెప్పింది. కాస్త పెద్ద పిల్లే. అయితే గాలి అటూ ఇటూ తిరుగుతోంది కనుక తన మాటే ఖాయమని పట్టుకోవద్దంది. నెమలి మెడ సాచి చూసి, పొదల్లో చుక్కలు కనిపిస్తున్నాయంది. తన శాఖ పట్టిక ప్రకారం చుక్కలున్నవి దుప్పులు. కుందేలు రెండు చెవులూ నిక్కించి, ఏ చప్పుడూ లేదు, కాబట్టి ఎవరూ రావడం లేదు అని తేల్చింది.

నాంచారమ్మ వెనక వరసలోంచి, కీచురాళ్ళు ఆగిపోయాయి, అది వినపడలేదా అని అడిగింది. చప్పుడు లేకపోవడాన్ని రాసుకోవడానికి చెవి శాఖ దగ్గర గడి లేదని కార్యదర్శి మర్యాదగా చెప్పాడు.

జగ్గప్ప ముగ్గురి మాటలూ కలిపి ఆలోచించాడు. ముగ్గురినీ నొప్పించకుండా తేల్చడం ఆయన సుగుణం.

"చుక్కలున్నాయి, పిల్లివాసన ఉంది, చప్పుడు లేదు. అంటే పిల్లివాసన గల దుప్పి ఒకటి నెమ్మదిగా వస్తోంది. పొరుగు అడవి నుంచి అయి ఉంటుంది పాపం. కోదండంగారూ, ఒక ఆసనం వేయించమని రాయండి."

కోదండపాణి ఒక ముల్లు పీక్కుని రాయడం మొదలుపెట్టాడు.

ఆ దుప్పి పొద దాటి బయటికి వచ్చింది. పసుపుపచ్చని ఒళ్ళు, నేలకు వంచిన తల. అది ఏమిటో పేరిందేవికి తెలుసు. బండ చుట్టూ ఉన్న ప్రతి దుప్పికీ తెలుసు. కానీ తీర్మానం ఇంకా పూర్తి కాలేదు. మొదట కదిలినవాళ్ళ పేరు రాసుకుంటారు. ముప్పై అడుగులు.

అప్పుడు చిరుత కాలి కింద ఒక ఎండుటాకు చిట్లింది.

అచ్చం బడిలో చిట్లినట్టే చిట్లింది. బంతి చెవి కదపలేదు. తల పైకెత్తి, నోట్లో గరికతో, చూశావా అమ్మా అన్నట్టు తల్లి వైపు చూసింది.

ఆ చూపు చూశాక పేరిందేవి ఏమనుకుందో ఆవిడకే తెలియదు. అనుకోవడానికి వ్యవధి లేదు. పరుగెత్తాలని ఆవిడ నిర్ణయించుకోలేదు, నిర్ణయించుకునేలోపే కాళ్ళు నేలను వదిలేశాయి. వాటితోపాటు తోక నిటారుగా లేచింది, దాని అడుగున ఉన్న తెల్లదనమంతా మెరిసేలా. గాల్లో ఉండగానే ఆవిడకు తట్టింది, పిల్ల అక్కడే నిలబడిపోతుందని. గుండె ఆగింది, కాళ్ళు ఆగలేదు.

కానీ ఆ తెల్లతోక బడి కంటే పాతది. పుట్టిన రోజున తడి ఆరకముందే, తొట్రుపడే కాళ్ళతో బంతి మొదటిసారి వెంబడించింది ఆ తోకనే. ఆ దారిని ఎవరూ మాన్పించలేదు, ఎందుకంటే అది ఒక దారి అని కూడా ఎవరికీ తెలియదు. గరిక కట్ట కింద పడింది. పిల్ల తల్లి వెనకే ఉంది.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అడగలేదు. మందంతా లేచింది. ముక్కు శాఖ, చెవి శాఖ కలిసి ఒకే పొదలో దూరాయి. కంటి శాఖ కొమ్మ మీదికి ఎగిరి, అప్పుడు నోరారా కేక పెట్టింది. అందరికంటే ముందు వెదురు పొదలు చేరినవాడు జగ్గప్ప. అంత పెద్ద ఒళ్ళు అంత చురుగ్గా కదలగలదని ఆయనకే తెలియదు.

బండ దగ్గర కోదండపాణి ఒక్కడే మిగిలాడు, ఆసనం అన్న మాట సగంలో ఉండగా. చేతికందిన దుప్పులన్నీ పోయిన కోపంతో చిరుత ఆయన మీదికి మూతి చాచింది. ఆయన కదల్లేదు, నిబంధన అది. ఆయన ముళ్ళు మాత్రం ఎవరినీ అడక్కుండా, ఒక్కసారిగా, ఒంటినిండా లేచి నిలబడ్డాయి. చిరుత ముక్కునిండా కలాలు గుచ్చుకుని ఏడుస్తూ వాగు వైపు పోయింది.

వెదురు పొదల దగ్గర అందరూ ఆగి ఆయాసం తీర్చుకున్నారు. అడవిపంది అడిగింది, ఇంతకీ ఏమొచ్చిందట అని. నాంచారమ్మ బంతి ఒంటిని ముక్కు నుంచి తోక దాకా నాకుతోంది, ఒక్కచోటైనా వదలకుండా.

మర్నాడు ఉదయం సభ కూడింది. కోదండపాణి రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి, అనుమతి లేకుండా లేచినందుకు తన ముళ్ళకు తనే రాసుకున్న సంజాయిషీ నోటీసు. రెండోది, నిన్నటి తేదీతో 'పరుగెత్తవలెను' అన్న ఆజ్ఞ. జగ్గప్ప రెంటి మీదా సంతోషంగా గోరు గుర్తు వేశాడు. ఆజ్ఞ ఈసారి నోటిమాటగా కాక, మూడు నేరేడు గింజలుగా ఉడుతల వరుసలో బయలుదేరింది.

మద్దిచెట్టు చంద్రయ్య తెల్లవారుతూనే వేపగింజల గంపను వాగులో గుమ్మరించి వచ్చాడు, సీతాకోకచిలుకల కోసం గుప్పెడు మాత్రం ఉంచుకుని.

పచ్చికలో నాంచారమ్మ ఆ పొద్దున దీపాలవేళ దాకా ఆగలేదు. వనదేవతకు దణ్ణం పెట్టుకుని, పేర్ల వరుసకు చివర ఒకటి చేర్చింది. మా మనవరాలు బంతి ఎండుటాకు విన్నది, కదల్లేదు. తోక చూసింది, బతికింది. అప్పుడు పిల్లను ఎండుటాకుల దారికి తీసుకెళ్ళి, ఒక ఆకు మీద కాలు వేసి, తను ముందు ఎగిరి చూపించింది. ఆ వయసులో ఆవిడ ఎగరడం చూసి పేరిందేవికి నవ్వాగలేదు. మూడోసారికి పిల్ల చెవులు కదిలాయి. ఆరోసారికి కాళ్ళు లేచాయి.

సరిగ్గా అప్పుడే పచ్చికలో మూడు నేరేడు గింజలు రాలాయి. తల్లి కంటే ముందు బంతి లేచింది. ముగ్గురూ, వెనక మందంతా, వెదురు పొదల దాకా పరుగెత్తి ఆగారు.

"ఇంతకీ ఏమొచ్చింది అమ్మమ్మా?" అంది బంతి ఆయాసపడుతూ.

"ఆజ్ఞ వచ్చిందే తల్లీ," అంది నాంచారమ్మ. "దణ్ణం పెట్టు, పోయి మేద్దాం."

సభ ఆజ్ఞ అందిన మరుక్షణమే అమలైనదని కోదండపాణి ఆ రోజు పుస్తకంలో రాసుకున్నాడు.

నీతి: కాళ్ళు నిన్న చేసిన పనికి ఇవాళ ఆజ్ఞ రాయగలిగినంతకాలం, తల తన ఉద్యోగం గురించి దిగులుపడనక్కర్లేదు.