ఒకటా? సున్నానా?

నవ్వనంటేనే చెబుతాను. కొండపల్లి స్కూల్లో ఎనిమిదో తరగతికి నేను అనలాగ్, డిజిటల్ సంకేతాల పాఠం చెబితే పిల్లలు కళ్ళు తెరిచే నిద్రపోయారు. శుక్రవారం ఆ పాఠం మళ్ళీ చెప్పమన్నారు హెడ్‌మిస్ట్రెస్ ఇందిరాదేవిగారు. వెనక బెంచీలో తనూ కూర్చుంటారట. అప్పటికీ అర్థం కాకపోతే సైన్సు తీసేసి డ్రిల్లు ఇస్తారట. నా పొట్టకీ డ్రిల్లుకీ ఏమైనా పొంతన ఉందా?

అందుకని వన్‌టౌన్‌లో మా ఇంట్లోనే, మా ఆవిడ మీద సాధన మొదలుపెట్టాను.

"నాగవల్లీ! ఇవాళంతా నేను డిజిటల్. అవునంటే ఒకటి, కాదంటే సున్నా. మధ్యలో ఏమీ ఉండదు."

ఆ వంకన ఇంట్లో మాటలు తగ్గుతాయన్న దురాశ కూడా ఉంది లెండి.

"అలాగేనండీ. ఉప్మాలో ఉప్పు సరిపోయిందా?"

"సున్నా."

రవ్వంత తగ్గిందని నా ఉద్దేశం. ఆవిడ గుప్పెడు పోసి కలిపేసింది.

"ఇదేం పని?"

"సున్నా అన్నారుగా? అసలు వెయ్యలేదేమో అనుకున్నా. ఫ్యాన్ వెయ్యనా?"

"ఒకటి."

ఫ్యాన్ ఫుల్లుగా పెట్టింది. నేను దిద్దుతున్న పరీక్ష పేపర్లు బాల్కనీ దాటి వెంకటప్పయ్య బజ్జీల బండి మీద వాలాయి. నేను పరిగెత్తి వెళ్ళేసరికే రెండింటిలో మిరపకాయ బజ్జీలున్నాయి.

"నీకో దణ్ణం! ఇక డిజిటల్ మానేశాను" అన్నాను.

"హమ్మయ్య! మీ 'ఊఁ' నాకు చాలండీ. సాగదీస్తే ఇష్టంలేదని, టక్కున అంటే వినలేదని తెలిసిపోద్ది. జారుబండలాగా ఎక్కడా మెట్టుండదు. కాకపోతే మిక్సీ తిరుగుతుంటే ఆ గోలలో 'ఊఁ' పాడైపోద్ది. అప్పుడు మాత్రం ఒకటో సున్నానో వేలు చూపిస్తేనే నయం."

నేను ఉప్మా వదిలేసి లేచాను. పాఠం దొరికేసింది!

శుక్రవారం క్లాసులో, "మీ నాన్న 'ఊఁ' ఎలా అంటారు?" అని అడిగాను. గదంతా నాన్నల ఊఁలతో మోగిపోయింది. మిక్సీ గోల సంగతీ, వేలి లెక్కా చెప్పాను. ఏడాదిగా నోరు విప్పని ఏంజెల్ లేచి నిలబడింది.

"సార్, ఊఁ కొంచెం కొంచెంగా మారుద్ది, అది అనలాగ్. గోలలో చెడిపోద్ది. ఒకటీ సున్నా అయితే గోలలో కూడా తెలుస్తాయి. మధ్యలోది చెప్పాలంటే బోలెడు ఒకట్లూ సున్నాలూ కలుపుకోవచ్చు కదా సార్?"

ఆ చివరి మాట నేనింకా చెప్పనేలేదు!

"సైన్సు మీదేనండీ భానుమూర్తిగారూ" అన్నారు ఇందిరాదేవిగారు.

సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా చెబితే నాగవల్లి మురిసిపోయింది. ఆ మురిపెంలోనే అడిగేసింది.

"ఆదివారం మైలవరం నుంచి మా పిన్ని వాళ్ళు పదిమంది వస్తున్నారు. వంట మీరు చేస్తారా?"

"ఊఁ..." అని ఊపిరున్నంతసేపు సాగదీశాను.

ఆవిడ ఫోనెత్తింది. "పిన్నీ, వంట ఆయనేనంట!"

"ఇష్టంలేదనేగా సాగదీసింది?"

"సున్నా నుంచి ఒకటి వైపు సగం దాటేశారుగా. సగం దాటితే ఒకటేనండీ!"

అదీ సంగతి. ఇంతకీ మీలో ఎవరికైనా పదిమందికి సాంబారు ఎలా పెట్టాలో తెలుసా?